సహవాసం, పొత్తు, పాలు: ఒక చర్చి మాట వెనక

పోయిన వారం ఈ గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: “చర్చికి వెళ్ళేవాళ్ళు ‘సహవాసం’ అనే మాట మాటిమాటికీ వాడతారు. మామూలుగా అది స్నేహం చేయడమే కదా? ‘ఈ వారం సహవాసం మా ఇంట్లో’ అంటే ఏం జరుగుతుంది? ‘సహవాసంలోంచి తీసేశారు’ అంటే ఏం చేసినట్టు?”

అక్కడే రెండు ముక్కలు రాసి ఊరుకుందామనుకున్నాను గానీ, చెప్పాల్సింది చాలా ఉందనిపించి విడిగా పెడుతున్నాను. నేను ఒంగోలు దగ్గర పల్లెటూళ్ళో, బాప్టిస్టు కుటుంబంలో పుట్టి పెరిగినదాన్ని. మా నాయనమ్మకి సంతకం చేయడం కూడా రాదు. ఈ మాటకి అర్థం నాకు ముందు ఆమె దగ్గరే తెలిసింది. గ్రీకు సంగతి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ముందు మన తెలుగు చూద్దాం. సహ అంటే కలిసి, వాసం అంటే ఉండటం. అది జనం నోట్లో నలిగి సావాసం అయింది. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అనే సామెత తెలియనివాళ్ళు ఉండరు. ఆ సామెత మంచికీ చెడుకీ రెండిటికీ పనికొస్తుంది. కానీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు సావాసం అన్నారంటే చాలావరకు అది హెచ్చరికే: ‘వాడి సావాసం మానెయ్’, ‘సావాసాలు మరిగి చదువు పాడు చేసుకున్నాడు’. తెలుగు బైబిల్లో మాత్రం చెడ్డ స్నేహానికి వేరే మాట పడింది. 1 కొరింథీయులకు 15:33లో ‘దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును’ అని ఉంటుంది. సహవాసం అనే మాట దేవుడితోనూ, తోటి విశ్వాసులతోనూ ఉండే బంధానికి వచ్చింది. ఆదివారం ఆరాధన చివర అందరం తల వంచుకుని నిలబడితే పాస్టరుగారు చేతులెత్తి చెప్పే దీవెనలో ఉన్నది ఇదే: ‘ప్రభువైన యేసుక్రీస్తు కృపయు దేవుని ప్రేమయు పరిశుద్ధాత్మ సహవాసమును మీకందరికిని తోడైయుండును గాక.’ అందుకే చిన్నప్పుడు సావాసం, సహవాసం నాకు రెండు వేర్వేరు మాటలు. ఒకటి ఇంట్లో తిట్టు, ఇంకొకటి చర్చిలో దీవెన.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కొత్త నిబంధన గ్రీకులో ఉన్న మాట కొయినోనియ. దాని మూలం కొయినోస్, అంటే ఉమ్మడి. ఈ ఒక్క మాటని తెలుగు అనువాదకులు సందర్భాన్ని బట్టి ఎన్ని రకాలుగా చెప్పారో చూడండి. అపొస్తలుల కార్యములు 2:42లో ‘సహవాసమందును, రొట్టె విరుచుటయందును’ అన్నారు. 1 కొరింథీయులకు 10:16లో, బల్ల దగ్గర (యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆచారాన్ని మేం బల్ల అంటాం) చదివే వాక్యంలో, అది ‘పాలుపుచ్చుకొనుట’ అయింది. 2 కొరింథీయులకు 6:14లో ‘వెలుగునకు చీకటితో ఏమి పొత్తు?’ అన్నచోట పొత్తు అయింది. రోమీయులకు 15:26లో యెరూషలేములో ఉన్న బీదల కోసం మాసిదోనియవారు ‘కొంత సొమ్ము చందా వేయ నిష్టపడిరి’ అన్నప్పుడు ఆ చందా కూడా ఇదే మాట. హెబ్రీయులకు 13:16లో ‘ఉపకారమును ధర్మమును చేయ మరచిపోకుడి’ అన్నచోట ధర్మం అయింది.

సహవాసం, పాలు, పొత్తు, చందా, ధర్మం. చర్చిలో వీటిని మనం వేర్వేరు సంగతులుగా వింటాం. సహవాసం అంటే పాటలూ ప్రార్థనా అనీ, చందా అంటే కానుకల సంచి అనీ అనుకుంటాం. రాసినవాళ్ళ మనసులో అవి వేరు కావు. నా పట్టుదల ఏమిటంటే, వీటన్నిటిలో మూలానికి దగ్గరగా ఉన్నది పాలు. పాలు అంటే వాటా. పాలివాడు అంటే వాటాదారు. లూకా 5:10లో యాకోబు, యోహాను అనే జాలరులు ఇంకో జాలరి సీమోనుకి ఏమవుతారో చెప్పేటప్పుడు ‘పాలివారైన’ అన్నారు. వాళ్ళు స్నేహితులు అవునో కాదో గానీ, ఒకే పనిలో, ఒకే చేపల రాశిలో భాగం ఉన్నవాళ్ళు. నా చెవికి సహవాసం అంటే పక్కన కూర్చోవడం. పాలు అంటే కంచంలోది సగం ఇవ్వడం.

మా నాయనమ్మ దగ్గర ఒక రేకు డబ్బా ఉండేది, మూత సొట్ట పడింది. పొయ్యి మీద ఎసరు పెట్టి, సోలతో బియ్యం కొలిచి చేటలో పోసేది. రాళ్ళు ఏరి, కడిగే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి ఆ డబ్బాలో వేసేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. సోలెడు ఉన్నా గుప్పెడే, రెండు సోలలు ఉన్నా గుప్పెడే. బియ్యం చాలని రోజున చిన్నపిల్లనైన నా చేత తీయించేది. నా గుప్పెట చిన్నది కాబట్టి. ఆదివారం ఆ డబ్బా చీరకొంగు కింద పెట్టుకుని చర్చికి తెచ్చి, బల్ల పక్కన పెట్టిన గంపలో కుమ్మరించేది. ఆ గంపలో సన్నబియ్యం, దొడ్డు బియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసిపోయేవి. ఎవరిది ఏదో తెలిసేది కాదు. అందులో కొంత పాస్టరుగారి ఇంటికి వెళ్ళేది, కొంత ఊళ్ళో మంచాన పడ్డవాళ్ళకి. ఒకసారి మా తాతయ్య జ్వరంతో రెండు నెలలు పనికి పోలేకపోతే అదే గంపలోంచి మా ఇంటికీ వచ్చింది. అది తీసుకోవడం మా నాన్నకి సిగ్గనిపించింది. నాయనమ్మ మాత్రం, ‘సిగ్గెందుకురా, అందులో మన పాలు లేదా?’ అంది. కొయినోనియ అంటే ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే ఈ మాటే చెబుతాను.

తమ్ముడు అడిగిన మిగతా రెండూ చెబుతాను.

‘సహవాసం మా ఇంట్లో’ అంటే వారం మధ్యలో జరిగే ఇంటి కూడిక. పది పదిహేను మంది వస్తారు. చాపలు పరుస్తారు, ఒక కీర్తన, వాక్యం, ఆ ఇంటి అవసరాల కోసం ప్రార్థన, తర్వాత టీ, బిస్కెట్లు. మా ఊళ్ళో అది బుధవారం. శుక్రవారం ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజం ఇంకో రోజు. శనివారం సాయంత్రం వంతులవారీగా చర్చి ఊడ్చి నీళ్ళు చల్లడం. ఆదివారం పొద్దున్నే పిల్లలకి సండే స్కూలు, ఆ తర్వాత ఆరాధన. నెలలో మొదటి ఆదివారం బల్ల.

‘సహవాసంలోంచి తీసేయడం’ కొంచెం బరువైన సంగతి. బాప్టిస్టు సంఘంలో సభ్యత్వం పుట్టుకతో రాదు. ఊహ వచ్చాక తన నోటితో విశ్వాసం ఒప్పుకుని, నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే సభ్యులు. అలా చేరినవాళ్ళని బల్ల ముందుకు పిలిచి పాస్టరుగారూ పెద్దలూ కుడిచేయి ఇస్తారు. దీనికి ఆధారం గలతీయులకు 2:9: యాకోబు, కేఫా, యోహాను ‘తమతో పాలివారమనుటకు సూచనగా’ పౌలుకీ బర్నబాకీ కుడిచేయి ఇచ్చారు. చూశారా, ఇక్కడా పాలే. ఎవరైనా పెద్ద తప్పు చేస్తే సంఘం కూర్చుని మాట్లాడి కొంతకాలం బల్లకి దూరంగా ఉంచుతుంది. నాకు తెలిసిన ఒక పెద్దాయన్ని, వరసకి బాబాయి, అలా చాలా నెలలు ఆపారు. ఆయన ఒక్క ఆదివారం కూడా మానలేదు. లోపలికి రాకుండా వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. ఆ తప్పుకి అంత శిక్ష అక్కర్లేదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. తిరిగి చేర్చుకున్న రోజు పాస్టరుగారు కుడిచేయి చాపితే ఆయన రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. వెనక చాపల మీద ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

కింద వచ్చిన వ్యాఖ్యలకు జవాబులు ఇక్కడే చేరుస్తున్నాను.

కాకినాడ నుంచి రాసిన అన్నయ్య: “మా వైపు కూడిక అంటాం గానీ సహవాసం అనం. పొత్తు అనే మాట ఇప్పుడు పార్టీల పొత్తుకే మిగిలింది. అనువాదకులు దాన్ని ఎందుకు ఎంచుకున్నారంటారు?”

అన్నయ్యా, కూడిక మా వైపూ ఉంది. మీ ప్రాంతంలో 1874 నుంచి పనిచేసింది కెనడా బాప్టిస్టులు, మా దగ్గర అమెరికా బాప్టిస్టులు. మాటల్లో చిన్న తేడాలు ఉండటం సహజమే. పొత్తు మాత్రం మంచి పాత తెలుగు మాట. కలిసి ఒకచోట తినడాన్ని పొత్తుగుడుచు అనేవాళ్ళు. రొట్టె విరిచే చోట వాడాల్సిన మాట అది. పార్టీలవాళ్ళు పట్టుకుపోయారని మనం వదులుకోవడం నాకిష్టం లేదు.

హైదరాబాద్ నుంచి చెల్లెలు: “పాలు అంటే వాటా సరే. పాలేరు అనే మాటకీ దీనికీ సంబంధం ఉందా అక్కా?”

పాలేరులోనూ, పాలికాపులోనూ నా చెవికి ఈ పాలే వినిపిస్తుంది తల్లీ. నువ్వు అడిగావు కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. 1876–78 కరువులో ఒంగోలు క్లౌ దొర, అంటే అక్కడ పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ, బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం పని ఒప్పుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూలి కోసం, గింజల కోసం సంఘంలో చేరారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ, నదిలో నిలబడి ఇచ్చారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊరి పంటలో తమ వాటా ఎంతో తాము చెప్పుకునే హక్కు లేనివాళ్ళు. అలాంటి వాళ్ళని ఒక పుస్తకం, బైబిలు, ‘పాలివారు’ అని పిలిచింది. మా నాయనమ్మ నోట ఆ మాట అంత ధీమాగా ఎందుకు పలికిందో నాకు ఇక్కడే అర్థమైంది.

ఒక మాస్టారు: “పత్రికల్లో రాసే ‘పాలుపంచుకున్నారు’ ఇదేనా?”

ఇదేనండి. ‘సభలో పాలుపంచుకున్నారు’ అని రాస్తున్నాం గానీ పంచుకున్నది ఏమీ ఉండదు, వెళ్ళి కూర్చున్నారనే అర్థం. ‘పాలుపంపులు’ అన్నప్పుడు ఇంకా అసలు అర్థం బతికే ఉంది.

ఇంకొకరు అడిగారు, ఇప్పుడు పట్నం చర్చిల్లో అంతా ‘ఫెలోషిప్’ అంటున్నారు కదా, తప్పా అని. తప్పేం లేదు. పిల్లలకి అదే తేలిక. మా అమ్మాయి కూడా ‘యూత్ ఫెలోషిప్ ఉంది’ అనే బయల్దేరుతుంది. నేను అడిగేది ఒకటే: ఆరాధన అయ్యాక టీ తాగడానికి మాత్రమే ఆ పేరు పెట్టకండి. వరండాలో ఒంటరిగా కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్ళడం కూడా అందులో భాగమే.

చివరిగా, చీరాల, కొత్తపట్నం తీరంలో వేటకి వెళ్ళే కుటుంబాలవాళ్ళు ఈ గ్రూపులో ఉంటే దయచేసి రాయండి. పడవ సొంతదారుకి, వలకి, మనుషులకి చేపలు పంచేటప్పుడు మీ ఇళ్ళల్లో ‘పాలు’ అంటారా, ‘వాటా’ అంటారా, ఇంకేమైనా మాట ఉందా? లూకా 5వ అధ్యాయం మా సండే స్కూలు పిల్లలకి వచ్చే ఆదివారం చెప్పాలి. మీ మాటతో చెబుదామని ఉంది.