ప్లాంట్ మీద మనం ఎప్పుడైనా ఓటేశామా?

గాజువాక కుర్రాడు:
2024 మే 13న నాన్నను బూత్‌కు తీసుకెళ్లాను. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. లోపల రెండు మెషిన్లు, ఒకటి ఎంపీకి, ఒకటి ఎమ్మెల్యేకి. బయటికొచ్చి సిరా ఆరని వేలు చూసుకుంటూ "ప్లాంట్ అమ్మొద్దని చెప్పే బటన్ ఏదిరా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. నూరు శాతం వాటా అమ్మడానికి కేంద్ర కేబినెట్ కమిటీ 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఒప్పుకుంది. తర్వాత కార్పొరేషన్ ఎన్నికలయ్యాయి, జనరల్ ఎన్నికలూ అయ్యాయి. నాన్న ఓటులో పెన్షన్ ఉంది, వీధి రోడ్డు ఉంది, పాత ఎమ్మెల్యే మీద కోపం ఉంది. అందులో ప్లాంట్ వాటా ఎంతో ఎవరు తూచారు? ఇలాంటి వాటికి రిఫరెండం, అంటే జనాన్నే నేరుగా అడిగే ఓటు, పెట్టాల్సిందే. ఒకే ప్రశ్న, అవునో కాదో.

ఎంవీపీ మాస్టారు:
తమ్ముడూ, మీ నాన్నగారి బాధ న్యాయమైనదే. కానీ బ్రిటన్ చూడు. 2016 జూన్ 23న 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలన్నారు. ఎలా రావాలో బ్యాలెట్‌లో లేదు. ఆ 'ఎలా' తేలేసరికి ఇద్దరు ప్రధానులు దిగిపోయారు, 2020 జనవరి దాకా సాగింది. ఎమ్మెల్యే మాట తప్పితే ఐదేళ్లకు దింపుతాం. రిఫరెండం బెడిసికొడితే ఎవర్ని దింపుతాం? ఇంకోటి, స్విట్జర్లాండ్‌లో 1959లో మగవాళ్లే ఓటేసి ఆడవాళ్లకు ఓటుహక్కు వద్దన్నారు. 1971 దాకా వాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు లేదు. ఎక్కువమంది అన్నంత మాత్రాన న్యాయం అయిపోదు.

పాడేరు అక్క:
మాస్టారూ, అంత దూరం ఎందుకండీ? 2013లో ఒడిశా నియమగిరిలో బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్లలో సభ పెడితే 12 ఊళ్లూ వద్దన్నాయి. కొండ ఎవరిదో వాళ్లనే అడిగారు. బాక్సైట్ కొండల పక్కనే బతికే మాకు ఆ విలువ తెలుసు.

ఎంవీపీ మాస్టారు:
అదేనమ్మా నా చిక్కు. నియమగిరిలో ఎవర్ని అడగాలో తెలుసు. ఉక్కు విషయంలో ఎవర్ని అడగాలి? భూములిచ్చిన ఊళ్లనా, విశాఖనా, 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ప్రాణాలిచ్చిన తెలుగువాళ్లందరినా? పెట్టుబడి దేశానిది కదా, దేశమంతా ఓటేస్తే మన గొంతు ఎంత?

గాజువాక కుర్రాడు:
ఓటర్లెవరన్నది చట్టంలో రాసుకోవచ్చు మాస్టారూ. గోవాను మహారాష్ట్రలో కలపాలా వద్దా అని 1967 జనవరి 16న గోవావాళ్లనే అడిగారు. దానికోసం పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసింది. కలపాలంటే పువ్వు గుర్తు, వద్దంటే రెండాకులు. చదువు రానివాళ్లకీ అర్థమైంది. వద్దన్నారు, ఆ మాటే నిలిచింది.

'ఎలా' అన్నది బ్యాలెట్‌లో లేదన్న మీ మొదటి మాట మాత్రం నన్ను వదల్లేదు. రాత్రి నాన్నను "ప్రశ్న నువ్వే రాయి" అన్నాను. కరెంటు బిల్లు వెనక రాశారు: "ప్లాంట్ కేంద్రం చేతిలోనే ఉండాలా?" కాసేపు ఆగి కింద ఇంకోటి రాశారు: "ఉంటే సొంత ఇనుప గనులు ఇస్తారా?" ఒక్కటే ఉండాలి నాన్నా అంటే, రెండోదానికి జవాబు తెలియకుండా మొదటిదానికి ఓటెయ్యనన్నారు.