ఇండియానా జోన్స్ ఐదో చిత్రం ఎక్కడ ఓడిపోయింది?

డాల్ఫిన్‌నోస్:
2023లో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది డయల్ ఆఫ్ డెస్టినీ’ గురించి సూటిగా చెబుతాను: ఆ చిత్రం తీయకుండా ఉండవలసింది. 1981, 1984, 1989లలో వచ్చిన మొదటి మూడింటినీ స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీశాడు. మూడోదాని చివర పురావస్తు శాస్త్రజ్ఞుడైన హీరో తన తండ్రితో, మిత్రులతో కలిసి గుర్రం మీద అస్తమిస్తున్న సూర్యుడి వైపు సాగిపోతాడు. కథ అక్కడికి పూర్తయింది. అయినా 2008లో నాలుగోది తీశారు, మరో పదిహేనేళ్లకు జేమ్స్ మాన్‌గోల్డ్ చేత ఐదోది తీయించారు. అది విడుదలయ్యేనాటికి హీరో వేషం వేసిన హారిసన్ ఫోర్డ్‌కు ఎనభై ఏళ్లు. మొదటి చిత్రంలో పరుగెత్తుతున్న లారీ కిందినుంచి నిజమైన స్టంట్ మనిషి జారుతూ వెళ్తాడు కనుకనే, ఇంగ్లీషు సినిమా అంటే విశాఖలోని జగదాంబ థియేటరుకు పరుగెత్తిన మా తరానికి ఆ ప్రమాదం ఒంటికి తగిలింది. ఐదోదాని మొదట్లో, 1944 నాటి రైలు ఘట్టంలో, కంప్యూటర్ చేసిన పడుచు ముఖంలోంచి ముసలి గొంతు వినిపిస్తుంది. ఆ మనిషికి దెబ్బ తగిలితే నాకేమీ అనిపించలేదు.

రామాటాకీస్ సెంటర్:
2008లో ఫ్రిజ్‌లో దూరి అణుబాంబునుంచి బతికి బయటపడినదానికంటే ఇది వెయ్యి రెట్లు నయం.

గాజువాక లేత్:
ఫ్రిజ్ మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. 1984 చిత్రంలో విమానంలోంచి గాలి నింపిన రబ్బరు పడవ మీద దూకి, మంచు కొండ మీద జారి, నదిలో పడి ముగ్గురూ క్షేమంగా లేచారు. దానికి చప్పట్లు కొట్టినవారే ఫ్రిజ్‌ను ఎందుకు తిడుతున్నారు? దాని మీద సీసపు పొర ఉందని చిత్రంలో చూపించారు కదా.

రామాటాకీస్ సెంటర్:
సీసం రేడియేషన్‌ను ఆపుతుంది, అంత ఎత్తునుంచి పడిన దెబ్బను ఆపదు.

గాజువాక లేత్:
నా బతుకంతా లోహంతోనే గడిచింది, ఆ సంగతి నాకూ తెలుసు. లోపల మనిషి ఎముకలు నుగ్గవుతాయి. రబ్బరు పడవలోనూ నుగ్గవుతాయి. ఒకదాన్ని సాహసమని, రెండోదాన్ని అపచారమని అనడానికి కారణం చెప్పమంటున్నాను.

డాల్ఫిన్‌నోస్:
కారణం చిన్నదే. పడవలో ఉన్నవారి ముఖాల్లో భయం మనకు కనిపిస్తుంది, వారితోపాటు మనమూ జారుతాం. ఫ్రిజ్ తలుపు మూసుకున్నాక మనం బయట ఉండిపోయాం. దయచేసి ఐదో చిత్రానికి తిరిగి వద్దాం.

తొట్లకొండ మెట్లు:
పురావస్తు శాస్త్రం చదివినవాడిగా ఒక మాట. ఐదో చిత్రంలోని డయల్ అనే యంత్రానికి మూలమైన వస్తువు నిజంగానే ఉంది. స్పాంజీల కోసం మునిగే గజ ఈతగాళ్లు గ్రీసు దేశపు ఆంటికిథెరా దీవి దగ్గర ఒక ఓడ శిథిలాలను కనిపెట్టగా, 1901లో అందులోంచి ఈ కంచు పళ్లచక్రాల ముద్ద బయటపడింది. నేడది ఏథెన్స్ మ్యూజియంలో ఉంది. గ్రహణాలను లెక్కగట్టిన ఆ పనితనమే మహాద్భుతం, కాలంలో వెనక్కి తీసుకుపోయే శక్తిని దానికి అంటగట్టనవసరం లేదు. అయితే నా అసంతృప్తి అది కాదు. 1981లో బైబిలు నాటి పవిత్ర పెట్టె తెరుచుకున్నప్పుడు హీరో కళ్లు మూసుకున్నాడు కనుక బతికాడు. 1989లో చేతికందబోతున్న, క్రీస్తు తాగిన పాత్రను తండ్రి వదిలేయమంటే వదిలేశాడు కనుక బతికాడు. ఆ వస్తువులు మనిషిని ఏదో ఒకటి వదులుకోమని అడుగుతాయి. విశాఖ దగ్గరి బౌద్ధ స్థలాలైన తొట్లకొండ, బావికొండ తవ్వకాల్లో దొరికినవాటిని చూసినప్పుడు కూడా ఇవి మన సొత్తు కాదనే భయభక్తులు నాకు కలుగుతాయి. ఐదో చిత్రంలోని యంత్రం ఎవరినీ ఏమీ అడగదు, తిప్పితే తిరుగుతుంది.

డాల్ఫిన్‌నోస్:
మీ మాటతో ఏకీభవిస్తున్నాను, దానికి ఒకటి చేరుస్తాను. ఎనభై ఏళ్ల వయసు ఇంట్లో విశ్రాంతిగా ఉండవలసిన వయసు. ఆ వయసు మనిషిని గుర్రమెక్కించి భూగర్భ రైలు సొరంగంలో పరుగెత్తించడం నటుడికీ ప్రేక్షకుడికీ గౌరవం కాదు.

గాజువాక లేత్:
మాస్టారూ, ఈ మాట మాత్రం ఒప్పుకోలేను. వయసు మీరిన మనిషికి కథే ఉండకూడదా? ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో అతనికి మనం చెప్పాలా? మా అమ్మ పోయాక మా నాన్నను టెక్కలి దగ్గరి మా ఊరినుంచి ఇక్కడి ఫ్లాట్‌కు తీసుకువచ్చాం. అన్నదమ్ములం కూర్చుని నిర్ణయించాం, ఆయనను ఒక్క మాట అడగలేదు. బీపీ మాత్రలు వేళకు అందుతున్నాయి, ఆసుపత్రి దగ్గరలోనే ఉంది, అయినా ఊరికి ఎప్పుడు వెళ్దామని ఆయన ఈనాటికీ అడుగుతూనే ఉన్నారు. విశ్రాంతి అనే మాట వింటే నాకు కోపం వస్తుంది.

డాల్ఫిన్‌నోస్:
మీ ఇంటి విషయానికీ చిత్రానికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఇక్కడ సినిమా గురించి మాట్లాడుతున్నాం.

గాజువాక లేత్:
సినిమా గురించే మాట్లాడుతున్నాను. చివరి ఘట్టం గుర్తు చేసుకోండి. విమానం దారి తప్పి క్రీస్తుపూర్వం 212లో, రోమన్లు ముట్టడించిన సిరాక్యూస్ దగ్గర పడుతుంది. జీవితమంతా పుస్తకాల్లో వెతికిన ఆర్కిమిడీస్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. కొడుకు వియత్నాం యుద్ధంలో చనిపోయాడు, భార్య విడాకులు కోరింది, ఉద్యోగం అయిపోయింది. నన్ను ఇక్కడే ఉండనివ్వండి అని ఆ ముసలాయన అడుగుతాడు. ఆ ఐదు చిత్రాల్లో అంత నిజమైన కోరిక అతని నోట మరొకటి రాలేదు. అతనితో వచ్చిన హెలెనా, స్నేహితుడి కూతురు, ఏం చేసింది? ముఖం మీద గుద్ది, స్పృహ తప్పించి, ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టింది. తొట్లకొండవారు చెప్పినట్టు 1989లో అతను తనంతట తాను వదులుకున్నాడు. ఇక్కడ అతని చేతిలోంచి లాక్కున్నారు. చిత్రం ఓడిపోయింది అక్కడ. ముసలి ముఖం దగ్గర కాదు, పడుచు ముఖం దగ్గర కాదు.

డాల్ఫిన్‌నోస్:
అతనికి తుపాకీ గుండు తగిలి నెత్తురు కారుతోంది. రెండు వేల ఏళ్ల వెనక అతనికి వైద్యం చేసేదెవరు? చావబోతున్న మనిషి ఉండనివ్వమంటే సరేనని వెళ్లిపోవడం నా దృష్టిలో గౌరవం కాదు, వదిలించుకోవడం. హెలెనా చేసినది ప్రేమతో చేసినదే. మీరు మీ నాన్నగారిని తెచ్చుకున్నదీ ప్రేమతోనే, దాన్ని నేరంలా చెప్పుకోనవసరం లేదు.

గాజువాక లేత్:
నన్ను సమర్థించమని నేను మిమ్మల్ని అడగలేదు. ప్రేమతో చేసినదైనా సరే, అడిగి చేయాలి అంటున్నాను.

తొట్లకొండ మెట్లు:
ఇద్దరూ శాంతించండి.

పెదవాల్తేరు పాఠకురాలు:
మీ వాదన మొదటినుంచీ చదువుతున్నాను. ముసలాయన ఉండాలా రావాలా అని మీరిద్దరూ కొట్లాడుకుంటున్నారు. తెచ్చాక చూసుకునేది ఎవరో ఎవరూ రాయలేదు. స్పృహ వచ్చేసరికి అతని భార్య మెరియన్ సరుకుల సంచీలతో ఇంట్లోకి వస్తుంది. 1981లో నేపాల్‌లో సొంతంగా సారాయి దుకాణం నడుపుతూ, పందెం కాసి మగవాళ్లకంటే ఎక్కువ తాగి నిలబడిన మనిషి ఆమె! పోయిన కొడుకు ఆమెకూ కొడుకే, కానీ ఆ దుఃఖాన్ని పడవ మీద అతని నోటివెంట విన్నాం తప్ప ఆమె నోట వినలేదు. విడాకుల కాగితాలదాకా వెళ్లిన మనసు ఎలా మారిందో ఒక్క దృశ్యమైనా చూపించలేదు. అతన్ని అడగకుండా తెచ్చారని బాధపడుతున్నారు, ఆమెను అడిగారా అని కూడా అడగండి. మా మామగారికి నేను చాకిరీ చేసినన్ని ఏళ్లూ నన్ను ఎవరూ అడగలేదు.

రామాటాకీస్ సెంటర్:
అయినా ఆ చివరి ముద్దు, మొదటి చిత్రంలో నొప్పి లేని చోటు చూపించే సన్నివేశాన్ని తలపించినది, చాలా బాగుంది కదండీ.

పెదవాల్తేరు పాఠకురాలు:
బాగుంది. కంటతడి కూడా పెట్టుకున్నాను. అందుకే ఎక్కువ కోపం వచ్చింది. మెరియన్‌గా వేసిన కేరన్ ఆలెన్‌ను రెండున్నర గంటల చిత్రంలో చివరి కొద్ది నిమిషాలకే రప్పించి, ఆ కాస్తలోనే అంత చేయించగలిగినవారు, ఆమెను కథ నడుమకు తెచ్చుంటే ఏమయ్యేది?

డాల్ఫిన్‌నోస్:
ఆమె పాత్ర తగ్గిందన్నది నిజం. గుద్దు విషయంలో మాత్రం నా మాట మారదు. నెత్తురు కారుతున్న మనిషిని ముందు బతికించాలి, తర్వాత అడగాలి.

గాజువాక లేత్:
మరి చిత్రంలో ఆ ‘తర్వాత’ ఏదీ? అతను లేచాక, నిన్ను తెచ్చినందుకు నీకు సమ్మతమేనా అని ఎవరైనా అడిగిన సన్నివేశం ఉంటే చూపించండి, అప్పుడు మీతో ఏకీభవిస్తాను.