బ్యాట్‌ని "బయాట" అని చదువుతున్నాడు, ఫోనిక్స్‌లో తేడా ఎక్కడ?

యూకేజీ అమ్మ:
నమస్తే అండీ. మా బాబు యూకేజీ, ఇంగ్లీష్ మీడియం. బడిలో ఫోనిక్స్ (అక్షరాల సౌండ్లు కలిపి పదం చదివే పద్ధతి) మొదలై 4 నెలలైంది. 26 అక్షరాల సౌండ్లూ గడగడా చెప్తాడు. మూడక్షరాల పదం చూపిస్తే మాత్రం "బ... యా... ట" అని విడివిడిగా పలికి, కలపమంటే "బయాట" అంటాడు. పక్కన బొమ్మ ఉంటే టక్కున "బ్యాట్" అనేస్తాడు. ఇంట్లో తాతయ్యేమో "బి ఏ టి బ్యాట్" అని వల్లె వేయిస్తున్నారు. ఏది ఆపాలి? తెలుగు అక్షరాలు కూడా ఇప్పుడే మొదలెడితే కలగాపులగం అయిపోతుందా?

ఒకటో తరగతి టీచర్:
బాబు లెక్క తప్పలేదు మేడమ్. బ, యా, ట కలిపితే వచ్చేది "బయాట"నే. తప్పు వాడికి అందిన సౌండ్లలో ఉంది. మన నోటికి హల్లు అనగానే వెనకాల "అ" తోడొస్తుంది. ఫోనిక్స్‌కి కావాల్సింది పొల్లు: బ్, ట్, క్. పెద్దవాళ్లకు చెప్పేటప్పుడు "పొల్లు పెట్టి పలకండి" అంటే చాలు, వెంటనే అర్థమవుతుంది.

స్, ఫ్ లాంటి వాటికి చిన్న పరీక్ష ఉంది. గొంతు మీద వేలు పెట్టి "స్‌స్‌స్" అనమనండి. అదురు ఉండదు. చివర్లో అదిరితే "స" అన్నాడన్నమాట.

రెండో సంగతి, బ్యాట్‌తో మొదలుపెట్టడమే కష్టం. బ్, ప్, ట్, డ్, క్, గ్ సాగవు. స్, మ్, న్, ఫ్, ల్ సాగుతాయి. అందుకని వారం పదిరోజులు వీటితో మొదలయ్యే పదాలే ఇవ్వండి: మ్యాన్, సిట్, ఫ్యాన్, సన్, ల్యాప్. మధ్యలో ఊపిరి ఆపకుండా "మ్‌మ్‌మ్యాాాన్" అని ఒకే తీగలా లాగాలి. సౌండుకీ సౌండుకీ మధ్య ఆగితే మూడోది వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు.

ఆ "యా" కూడా "య" కలిపి చెప్పొద్దు. "తాటాకు" అన్నప్పుడు చాలామంది నోట "టా" దగ్గర వచ్చే ధ్వని ఉంటుంది చూడండి, దాన్నే పొట్టిగా పలికితే సరి. దానికి మన లిపిలో అక్షరం లేదు కాబట్టి "యా" అని రాసుకుంటున్నాం, అంతే.

ఫోనిక్స్ ట్రైనర్:
పై మాటకే కొనసాగింపు. 26 సౌండ్లు అయ్యేదాకా పదాలు చదివించకుండా ఆపడం చాలా బడుల్లో జరిగే పొరపాటు. ఇంగ్లండ్ బడుల్లో సాధారణంగా ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్‌తో మొదలుపెడతారు. ఆ ఆరింటితోనే సిట్, పిన్, టిన్, ట్యాప్, న్యాప్, ప్యాన్ వచ్చేస్తాయి.

ఇంట్లో నీళ్ల సీసా మూతలు ఆరు తీసుకుని, మార్కర్‌తో చిన్న బడి అక్షరాలు రాయండి. మూడు మూతలు దూరదూరంగా పెట్టి, పలుకుతూ దగ్గరికి జరిపించండి. తర్వాత ఒక్క మూతే మార్చండి: పిన్, టిన్, టిప్, ట్యాప్. రోజుకి 10 నిమిషాలు చాలు. బి, డి ఒకే వారంలో వద్దు, తిరగేసి చదువుతారు.

బొమ్మ చూసి చెప్పడం చదవడం కాదు. బొమ్మని చేత్తో మూసి, ముందు పదం చదివించి, తర్వాత తీయండి. ఇంకా అనుమానముంటే అర్థంలేని పదం ఇవ్వండి: "పిమ్", "న్యాస్". ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో ఏడు పిల్లలకు పెట్టే ఫోనిక్స్ పరీక్షలో 40 పదాలుంటే 20 ఇలాంటివే. బట్టీ పట్టినవాడు అక్కడ దొరికిపోతాడు.

తాతయ్యగారిని ఆపక్కర్లేదు. అక్షరం పేరు స్పెల్లింగ్ చెప్పడానికి పనికొస్తుంది. చదివేటప్పుడు మాత్రం పేరు రాకూడదు, ఆ ఒక్క గీత గీయండి చాలు. "డబ్ల్యూ" అన్న పేరులో "వ్" ఎక్కడుంది చెప్పండి!

తెలుగు పండిట్:
కలగాపులగం భయం నాకైతే లేదండీ. గుణింతం అంటేనే కలపడం. కాకపోతే "క కా కి కీ" అని రాగంలో పాడించి వదిలేస్తున్నాం. "క్"కి "ఇ" కలిస్తే "కి" అని విప్పి చూపిస్తే, ఇంగ్లీషుకీ అదే అక్కరకొస్తుంది.

మూడు ముక్కలు కలపలేని పిల్లలకి రెండు ముక్కలే ఇచ్చి చూడండి: "మ్యా" + "న్", "సి" + "ట్". మన పిల్లల చెవి అక్షరం లెక్కన పడుతుంది, కాబట్టి "సి" సులువుగా అందుతుంది. పొల్లు తోకలా తగిలిస్తారు.

ది, వాజ్, సెడ్ లాంటివి సౌండ్లకు లొంగవు. వారానికి రెండు మూడు మించకుండా, తేడాగా ఉన్న అక్షరం కింద గీత గీసి నేర్పండి.

యూకేజీ అమ్మ:
వేలు పరీక్ష చేశాం. "స్" బాగానే అన్నాడు. "ట్" దగ్గరే మళ్లీ "ట" వస్తోంది.

ఒకటో తరగతి టీచర్:
వాడు బొమ్మ చూసి "బ్యాట్" అంటున్నాడన్నారుగా, ఆ చివర "ట్" సరైనదే. "బ్యాట్, బ్యాట్" అని నాలుగైదుసార్లు అనిపించి, "చివర ఏం వినపడింది?" అని గుసగుసగా చెప్పమనండి. గుసగుసలో "అ" నిలవదు. ఆ "ట్"నే ముందు పదం చివర వాడండి: సిట్, మ్యాట్. టిన్, ట్యాప్ ఆ తర్వాత.