స్ట్రేంజర్‌విల్ కథ ఒకసారి అయిపోతే ఇంకేమైనా మిగులుతుందా?

ప్రశ్న: సిమ్స్ 4 గేమ్‌కి విడిగా కొనే స్ట్రేంజర్‌విల్ ప్యాక్ కొనాలా వద్దా అని చూస్తున్నా. కొందరు అదే బెస్ట్ ప్యాక్ అంటున్నారు, కొందరు దండగ అంటున్నారు. ఎందుకింత తేడా?

జవాబు 1: ఈ 2019 ప్యాక్‌లో సగం బలం కథదే. స్ట్రేంజర్‌విల్ అనే ఊళ్లో జనం వింతగా ప్రవర్తిస్తుంటారు, ఆ గుట్టు మనం విప్పాలి. ఆధారాలు సేకరించాలి, వాటితో సైన్యం వాళ్లనో సైంటిస్టులనో ఒప్పించి రహస్య ల్యాబ్ కీకార్డ్ సంపాదించాలి, ఆపై స్పోర్ (మొక్క వదిలే సూక్ష్మ బీజాలు) నమూనాలు, వాటి నుంచి కాపాడే హజ్మత్ సూట్, వ్యాక్సిన్. చివర్లో వీటన్నిటికీ మూలమైన మదర్ ప్లాంట్ అనే పెద్ద మొక్కతో పోరు. ఇల్లు కట్టుకుని పిల్లల్ని పెంచే ఆటగాళ్లకు ఇది బలవంతపు దారిలా అనిపిస్తుంది. నాకైతే సిమ్స్‌లో ఒక గమ్యం ఉండటం చాలా నచ్చింది.

జవాబు 2: ఒప్పుకోనండీ. మిస్టరీ తెలిశాక రెండోసారి ఆ ఉత్కంఠ ఉండదు. మిగిలేది మిలిటరీ కెరీర్, ఎడారి ఊరు, ల్యాప్‌టాప్. పూర్తి ధరకు అది తక్కువే. డిస్కౌంట్‌లో తీసుకోండి.

జవాబు 3: కొన్నాక ఒక మాట గుర్తుంచుకోండి. చాలామంది ఓడిపోయేది తొందర వల్లే. పోరుకు ముందు వ్యాక్సిన్ డోసులు ఎక్కువ చేసి, వెంట వచ్చే వాళ్లందరికీ ఇవ్వండి. ఇవ్వకపోతే మొక్క వాళ్లనే వశం చేసుకుంటుంది. ఊళ్లోని వింత మొక్కలకు కాసే పండు మీ సిమ్‌తో (గేమ్‌లో మీరు ఆడించే పాత్రతో) తినిపించకండి, ఇన్ఫెక్షన్ వస్తుంది. పోరు కోసం ల్యాబ్ లోపలికి దిగేముందు ‘సేవ్ యాజ్’తో వేరే సేవ్ పెట్టుకోండి.