ట్రాలీని తోస్తూనే ఉన్నా త్వరణం సున్నా ఎలా అవుతుంది?

ప్రశ్న (ఒక తల్లి, వేళచ్చేరి, చెన్నై):
ఐదవ తరగతి చదువుతున్న మా అమ్మాయికి బలం, ద్రవ్యరాశి, త్వరణం మధ్య సంబంధాన్ని ఇంట్లో తెలుగులో చెబుతున్నాను. ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే బలం వస్తుందని చెప్పగానే, నిన్న సూపర్‌మార్కెట్‌లో సామాను ట్రాలీని తోసుకుంటూ వచ్చిన సంగతి గుర్తు చేసి, "వేగం మారలేదు కాబట్టి త్వరణం సున్నా. అలాగైతే నేను పెట్టిన బలమూ సున్నాయేనా? మరి చేతులెందుకు నొప్పి పెట్టాయి?" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, మాంబళం):
అమ్మా, పెద్ద తరగతుల పిల్లలు కూడా తడబడే చోటనే మీ అమ్మాయి పట్టుకుంది. న్యూటన్ 1687లో ప్రకటించిన నియమంలోని బలం చేతి బలం ఒక్కటే కాదు, వస్తువు మీద పనిచేసే బలాలన్నీ కలిసిన ఫలిత బలం. ముందుకు తోసే చేతికీ, వెనక్కి పట్టే ఘర్షణకూ సరిసమానమైతే ఫలిత బలం సున్నా అవుతుంది, వేగం పెరగకుండా తరగకుండా ఉంటుంది. చేతుల నొప్పి ఘర్షణతో పోరాడినందుకు వచ్చినదే.

"త్వరణం"లో "త్వర" వినబడుతుంది కాబట్టి, వేగంగా పోవడమే త్వరణమని పిల్లలు అనుకుంటారు. అది వేగం కాదు, వేగం ఎంత చొప్పున మారుతోందో చెప్పే లెక్క. ఘర్షణ పోగా 20 న్యూటన్ల బలం మిగిలిందనుకోండి. 5 కిలోల ఖాళీ ట్రాలీ వేగం ఒక్కొక్క సెకను గడిచేసరికి సెకనుకు 4 మీటర్ల చొప్పున పెరుగుతుంది. 15 కిలోల బియ్యం బస్తా ఎక్కిస్తే మొత్తం 20 కిలోలవుతుంది కనుక, అదే బలానికి ఆ పెరుగుదల 1 మీటరుకు పడిపోతుంది.

జవాబు (ఇంజినీరు, పెరంబూరు):
మాస్టారి మాటకు చిన్న చేర్పు. ద్రవ్యరాశిని బరువు అని చెప్పేయకండి. చంద్రుడి మీద ఆ బస్తా బరువు సుమారు ఆరో వంతే ఉంటుంది, కానీ ఘర్షణ లేని చోట దాన్ని కదిలించి అంతే త్వరణం ఇవ్వాలంటే ఇక్కడ పెట్టినంత బలమే పెట్టాలి. ఇంట్లో చూపించాలంటే బొమ్మ లారీకి రబ్బరు బ్యాండు కట్టి, సాగిన పొడవు మారకుండా లాగమనండి. సాగుదల మారకపోతే బలమూ దాదాపు మారనట్లే.

ప్రశ్న అడిగినవారు:
మాస్టారూ, ఇంజినీరు గారూ, ధన్యవాదాలు. ఖాళీ లారీతో బ్యాండు సాగుదల నిలపాలంటే మా అమ్మాయి నడక చాలక పరుగెత్తాల్సి వచ్చింది, నాలుగు అడుగులకే హాలు అయిపోయింది. బియ్యం నింపాక మెల్లగా మొదలుపెట్టి గోడ దాకా నడిచే వెళ్లింది. "ఒకే బలం పెట్టడానికి నేను వేగం పెంచుతూనే ఉండాలా!" అని తనంతట తానే అంది. ఇప్పుడు మేడ మీది గరుకు సిమెంటు నేల మీద మళ్లీ లాగి చూస్తానంటోంది.