మొదటి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మ్యాచ్: మూడు వారాల్లో ఏమేం సరిచూసుకోవాలి?

కొత్తగురి:

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నాను. ఇంకో మూడు వారాల్లో గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో మొదటిసారి మ్యాచ్‌లో దిగుతున్నాను. 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్లు. పిస్టల్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్న స్టెయిర్ ఎల్‌పి10. క్లబ్‌లో పేపర్ టార్గెట్ల మీద రోజూ 40 షాట్లే కొడతాను. మొత్తం 60 కొట్టింది రెండుసార్లే, 600కి 528, 535 వచ్చాయి. రెండుసార్లూ 40 దాటాక సిక్సులు, సెవెన్లు (పదికి ఆరు, ఏడు పాయింట్ల షాట్లు) మొదలయ్యాయి.

అడగదలచుకున్నవి: ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో (సామాన్ల తనిఖీలో) ఏం చూస్తారు? లైన్ మీద (షాట్లు కొట్టే చోట) ఏ ఆర్డర్ తర్వాత ఏది వస్తుంది? సమయాన్ని ఎలా పంచుకోవాలి? పక్క లేన్‌లో వేగంగా కొడుతుంటే నాకూ తొందర పుడుతుంది, దానికేమైనా ఉపాయం ఉంటే చెప్పండి.

రేంజ్‌లైన్:

ముందు పిస్టల్ సంగతి చూద్దామండి. ఎందుకంటే ఇక్కడ తేడా వస్తే లైన్ దాకా వెళ్లనే లేరు.

ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి. పిస్టల్ కాక్ చేసి, బ్యారెల్ నిటారుగా పెట్టి, ట్రిగ్గర్‌కి 500 గ్రాముల తూకం తగిలించి పైకి లేపుతారు. తూకం లేచేదాకా ట్రిగ్గర్ పడకూడదు. మూడు ప్రయత్నాలు ఇస్తారు. మీరు ఎప్పుడూ కొలవలేదంటే ఈ వారమే కొలవండి. సెకండ్‌హ్యాండ్ పిస్టల్ కాబట్టి పాత యజమాని 490కి దించి వాడి ఉండొచ్చు. సరిగ్గా 500 దగ్గర ఆపకండి, 510 నుంచి 520 మధ్య పెట్టుకోండి. మ్యాచ్ అయ్యాక కూడా కొందరిని పిలిచి మళ్లీ తూస్తారు. అక్కడ తప్పితే డిస్‌క్వాలిఫై చేస్తారు, 60 షాట్ల కష్టమూ పోతుంది. బరువు మార్చాక ట్రిగ్గర్ మొదటి దశ (తేలిగ్గా కదిలే భాగం) ఎక్కడ ఆగుతోందో వేలికి అలవాటు కావడానికి కనీసం వారం పడుతుంది. అందుకే ఈ పని ఆఖరి రెండు రోజులకు వాయిదా వెయ్యకండి.

రెండోది పిస్టల్‌కి గాలినిచ్చే సిలిండర్. దాని మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. తయారై పదేళ్లు దాటితే వాడకూడదు. పాత ఎల్‌పి10లలో అందరూ మర్చిపోయేది ఇదే. పిస్టల్ బ్రహ్మాండంగా ఉంటుంది, సిలిండర్ గడువు మాత్రం ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. ఇవాళే చూసుకోండి. కొత్తది తెప్పించాలంటే రోజులు పట్టొచ్చు.

పిస్టల్ మొత్తం బరువు 1500 గ్రాములు మించకూడదు, 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. ఎల్‌పి10 పట్టేస్తుంది, మీరు పుట్టీ పూసి గ్రిప్ లావు చేసి ఉంటే తప్ప. గ్రిప్‌లో అరచేతి కింది పలక పైకి వంగి ఉండకూడదు, మణికట్టుకు ఏ ఆధారమూ ఇవ్వకూడదు. పిస్టల్ పట్టే చేతికి వాచీ, కంకణం, బ్యాండ్ ఏవీ ఉండకూడదు. చేతికి కాశీదారం ఉన్నా ముందే తీసేయండి, లైన్ మీద వాదన వద్దు.

బూట్లు చీలమండ ఎముక కప్పకూడదు, అడుగు వంగాలి. నీలం జీన్స్, మిలిటరీ మచ్చల బట్టలు, చేతుల్లేని టీషర్టు, చెప్పులు వద్దు. గురిపెట్టని కంటికి అడ్డు పెట్టుకుంటే వెడల్పు 30 మిల్లీమీటర్ల లోపు. రెండో కన్ను గట్టిగా మూసుకోవడం కన్నా ఈ అడ్డే మంచిది. కన్ను మూస్తే ముఖం బిగుసుకుని గురి కన్ను కూడా అలసిపోతుంది. బిబ్ నంబర్ (మీ పోటీ నంబరు) వీపున నడుముకు పైన కట్టుకోవాలి.

ఇక ఆర్డర్లు. లైన్‌కి పిలిచాక పెట్టె తెరిచి సామాన్లు సర్దుకోవచ్చు, కానీ సేఫ్టీ ఫ్లాగ్ (పిస్టల్ ఖాళీగా ఉందని చూపే రంగు తీగ) బ్యారెల్‌లోనే ఉండాలి. ప్రిపరేషన్ అండ్ సైటింగ్ ఆర్డర్ వచ్చాకే ఫ్లాగ్ తియ్యాలి. అప్పటినుంచి 15 నిమిషాలు. ఈ వ్యవధిలో హోల్డ్ (గురి నిలపడం), డ్రై ఫైరింగ్ (పెల్లెట్, గాలి లేకుండా ట్రిగ్గర్ నొక్కడం), సైటర్లు (లెక్కలోకి రాని షాట్లు), ఎన్నయినా. 30 సెకన్లు మిగిలాయని చెబుతారు, ఆపమంటారు. కాసేపటికి మ్యాచ్ ఫైరింగ్ స్టార్ట్. 60 షాట్లకు 75 నిమిషాలు. పేపర్ టార్గెట్లయితే 90. చివర్లో 10 నిమిషాలు, 5 నిమిషాలు మిగిలినప్పుడు గుర్తు చేస్తారు.

స్క్రీన్ మీద మూలన సైటర్ గుర్తు ఉందో పోయిందో చూడకుండా ఒక్క పెల్లెట్ కూడా వదలకండి. కొన్ని రేంజ్‌లలో మ్యాచ్ మోడ్‌కి వాళ్లే మారుస్తారు, కొన్నిచోట్ల బటన్ మీరే నొక్కాలి. ముందురోజు వెళ్లినప్పుడు ఆ స్క్రీన్ ఎలా పనిచేస్తుందో అడిగి తెలుసుకోండి.

పదోవలయం:

సమయం గురించి, తొందర గురించి నేను చెబుతాను. రెండూ ఒకటే విషయం.

75 నిమిషాలు, 60 షాట్లు. అంటే షాట్‌కి 75 సెకన్లు. మొదటి మ్యాచ్‌లో చాలామంది 40 నిమిషాల్లో ముగించేసి, మిగిలిన సమయాన్ని వదిలేసి బయటికొస్తారు. పదేసి షాట్ల సిరీస్‌కి 10 నిమిషాలు అనుకోండి. ఆరు సిరీస్‌లకు గంట. మిగిలిన 15 నిమిషాలు మీ జేబులో డబ్బు లాంటివి. మూడో సిరీస్ అయ్యాక 4, 5 నిమిషాలు కుర్చీలో కూర్చోండి, రెండు గుక్కలు నీళ్లు తాగండి, దూరంగా ఏదైనా చూసి కంటికి విశ్రాంతినివ్వండి. మీకు 40 దాటాక సిక్సులు రావడానికి ఒక కారణం భుజం అలవాటు పడకపోవడం, రెండోది మధ్యలో ఆగకపోవడం.

ఇప్పుడు అసలు మాట. మ్యాచ్‌లో మీకు అన్నిటికన్నా ఎక్కువ పాయింట్లు మిగిల్చే పని పిస్టల్ కిందికి దించడం. షాట్ కొట్టకుండా దించెయ్యడం. చెయ్యి ఎత్తి, నలుపు (టార్గెట్ మధ్యలోని నల్లటి వృత్తం) కిందికి దిగి, స్థిరపడ్డాక 4 నుంచి 8 సెకన్లలో షాట్ వెళ్లాలి. పది దాటితే కంటికి ఫ్రంట్ సైట్ (పిస్టల్ ముందు కొసనున్న గురి ముక్క) మసకబారుతుంది, ఊపిరి బిగుసుకుంటుంది, అప్పుడు వేలు లాగేస్తుంది. ఆ లాగిన షాట్లే మీ సిక్సులు. 60 షాట్ల మ్యాచ్‌లో 15, 20 సార్లు దించడం తప్పేమీ కాదు. మిగిలిన 15 నిమిషాలు అందుకే ఉన్నాయి.

చెయ్యి కదలడం గురించి భయపడకండి. లెక్క చూడండి. ఎయిర్ పిస్టల్‌లో ఫ్రంట్ సైట్‌కీ రేర్ సైట్‌కీ మధ్య దూరం దాదాపు 32 సెంటీమీటర్లు. టార్గెట్ 10 మీటర్ల దూరంలో ఉంది. చెయ్యి మొత్తంగా, సైట్ల వరుస చెడకుండా, 5 మిల్లీమీటర్లు పక్కకు కదిలితే పెల్లెట్ కూడా 5 మిల్లీమీటర్లే పక్కన పడుతుంది. పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, కాబట్టి అది ఇంకా పదే. అదే రేర్ సైట్ గాడిలో ఫ్రంట్ సైట్ 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే టార్గెట్ మీద 31 మిల్లీమీటర్లు తప్పుతుంది, అది సెవెన్. కనుక నలుపు మసగ్గా ఉన్నా పర్వాలేదు, ఫ్రంట్ సైట్ పైఅంచు చాకులా కనిపించాలి, రెండు పక్కలా వెలుతురు సమానంగా ఉండాలి. గురి నలుపు మధ్యలో కాదు, దాని కింద తెలుపులో ఒక ప్రాంతంగా. ఆ ప్రాంతంలో ఊగుతున్నప్పుడే ట్రిగ్గర్ నెమ్మదిగా పెరుగుతూ పోవాలి. మధ్యకు వచ్చిన క్షణాన్ని పట్టుకోవాలని చూస్తే దొరికేది సెవెనే.

పక్క లేన్ చప్పుడుకి మందు ఒకటే: షాట్ ముగిశాక చేసే పనులు ఎప్పుడూ ఒకే వరుసలో ఉండాలి. ఫాలో త్రూ (షాట్ వెళ్లాక కూడా గురి అలాగే నిలపడం) రెండు సెకన్లు, పిస్టల్ బెంచీ మీదికి, షాట్ ఎక్కడికి వెళ్లి ఉంటుందో మనసులో చెప్పుకోవడం, అప్పుడు స్క్రీన్ చూడడం, పెల్లెట్, రెండు ఊపిరులు. ఇది ఇప్పటినుంచే రోజూ చెయ్యండి. వరుస తప్పిందంటే తొందర పట్టుకుందని అర్థం, అక్కడే ఆగాలి. సిక్స్ పడితే వెంటనే ఇంకో పెల్లెట్ పెట్టకండి. ఒక డ్రై ఫైర్ చేసి తర్వాత కొట్టండి. మ్యాచ్ మధ్యలో డ్రై ఫైరింగ్‌కి అనుమతి ఉంది, గాలి మాత్రం వదలకూడదు. మీ పిస్టల్‌లో డ్రై ఫైర్ మీట ఏ వైపుంటే ఏమవుతుందో చీకట్లోనైనా చెప్పగలగాలి.

మూడు వారాల పథకం: మొదటి రెండు వారాల్లో వారానికి రెండుసార్లు గడియారం పెట్టుకుని పూర్తి మ్యాచ్, 15 నిమిషాల సైటర్లతో సహా. మిగతా రోజుల్లో షాట్లు తగ్గించి తెల్లగోడ మీద డ్రై ఫైరింగ్ 40 నిమిషాలు. మూడో వారం ఒక్క పూర్తి మ్యాచ్ చాలు. మ్యాచ్ ముందురోజు 20 షాట్లు మించవద్దు. స్కోరు గురించి ఏమీ అనుకోకండి. 515 వచ్చినా, ప్రతి చెడ్డ షాట్‌కీ కారణం నోట్‌బుక్‌లో రాయగలిగితే ఆ మ్యాచ్ బాగా ఆడినట్టే.

కొత్తగురి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సిలిండర్ చూశాను, ఇంకా మూడేళ్ల గడువుంది. ఇంకో రెండు సందేహాలు. సైటర్లలో గుంపు పక్కకు పడితే ఎప్పుడు క్లిక్కులు (సైట్ జరిపే స్క్రూ) తిప్పాలి? మధ్యలో పిస్టల్‌కో స్క్రీన్‌కో ఏదైనా అయితే ఏం చెయ్యాలి? ఇంకొకటి, నాకు మైగ్రేన్‌కి డాక్టర్ ప్రొప్రనలాల్ రాశారు. దానివల్ల చెయ్యి వణుకు కూడా తగ్గుతుందని విన్నాను. మ్యాచ్ రోజు వేసుకోవచ్చా?

పెల్లెట్‌డబ్బా:

టాబ్లెట్ సంగతి ముందు. ప్రొప్రనలాల్ బీటా బ్లాకర్. షూటింగ్‌లో బీటా బ్లాకర్లు నిషిద్ధం, మ్యాచ్ రోజే కాదు, మ్యాచ్ లేని రోజుల్లోనూ. వణుకు తగ్గుతుందన్న కారణంతోనే నిషేధించారు. డాక్టర్ చీటీ ఉన్నంత మాత్రాన సరిపోదు. అలాగని మీరంతట మీరు ఒక్కసారిగా మానేయకండి, గుండెకు ప్రమాదం. రేపే డాక్టర్ దగ్గరికి వెళ్లి షూటింగ్ పోటీల్లో ఉన్నానని చెప్పండి, మైగ్రేన్‌కి వేరే మందు ఉందేమో అడగండి. వాడక తప్పదంటే నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) దగ్గర వైద్య మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టాలి. అది తేలకుండా మ్యాచ్‌లో దిగకండి. జలుబు మందులూ ఇంతే, కొనేముందు అడగండి.

క్లిక్కులు: ఒక్క షాట్ చూసి తిప్పకండి. ఐదు షాట్లు కొట్టి గుంపు మధ్యను చూడండి. రేంజ్ వెలుతురు మీ క్లబ్‌లోలా ఉండదు కాబట్టి గుంపు పైకో కిందికో జరగడం మామూలే. మీ పిస్టల్‌లో ఒక క్లిక్‌కి ఎంత జరుగుతుందో ఈ వారం కొలిచి పెట్టుకోండి: ఐదు షాట్లు, పది క్లిక్కులు, మళ్లీ ఐదు షాట్లు, రెండు గుంపుల మధ్య దూరాన్ని పదితో భాగించండి. అయితే గుంపు అడ్డంగా జరిగితే క్లిక్కులకన్నా ముందు పాదాలు చూసుకోండి. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తి, కళ్లు తెరవండి. పిస్టల్ టార్గెట్‌కి ఎటు పక్కకు పోయి ఉంటే వెనక పాదాన్ని అటే కొద్దిగా జరపండి. చేతితో లాగి సరిచేస్తే పదో షాట్‌కల్లా మళ్లీ అక్కడికే పోతుంది.

గాలి: సైటర్లూ మ్యాచ్ కలిపి 80 షాట్లని లెక్క వేసుకోండి. 200 బార్ నిండిన సిలిండర్‌కి అది తేలిక. ఇబ్బంది ఎక్కడంటే, వేగంగా నింపితే సిలిండర్ వేడెక్కి గేజి 200 చూపిస్తుంది, చల్లారాక తక్కువే ఉంటుంది. నెమ్మదిగా నింపండి, పావుగంట ఆగి గేజి మళ్లీ చూడండి. మన ఎండలో కారులో వదిలెయ్యకండి. 25 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్నది 60 డిగ్రీల దగ్గర 220 దాటుతుంది. మ్యాచ్ మధ్యలో సిలిండర్ మార్చాలంటే రేంజ్ ఆఫీసర్‌ని అడిగి లైన్ వదిలి వెళ్లాలి, అదనపు సమయం ఇవ్వరు.

పెల్లెట్లు ప్రాక్టీసులో వాడిన రకం, అదే తల సైజు, వీలైతే అదే డబ్బా. 4.49 మిల్లీమీటర్లకి అలవాటైన బ్యారెల్‌కి మ్యాచ్ రోజు 4.50 పెట్టి ప్రయోగం చెయ్యొద్దు. స్కర్టు (పెల్లెట్ వెనక అంచు) నొక్కుకుపోయినవి ముందురోజే ఏరెయ్యండి. పెల్లెట్లు సీసం, ఏదైనా తినేముందు చేతులు సబ్బుతో కడగండి.

ఏదైనా ఆగిపోతే: పిస్టల్ చెడితే దాన్ని టార్గెట్ వైపే ఉంచి, బెంచీ మీద పెట్టి చెయ్యి ఎత్తండి. బాగు చేసుకోనిస్తారు, కానీ పోయిన సమయం తిరిగి రాదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి ఇదే అయింది. పిస్టల్ మొరాయించి నిమిషాలు పోయాయి, 575తో 12వ స్థానంలో ఆగి ఫైనల్ తప్పింది. కాబట్టి ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు చుట్టలు), అలెన్ కీలు, చిన్న స్క్రూడ్రైవర్ పెట్టెలో ఉండాలి. సిలిండర్ మరొకటి అప్పు దొరికితే ఇంకా మంచిది.

టార్గెట్ చెడితే లెక్క వేరు. మీ తప్పు లేకుండా 3 నిమిషాలకు మించి ఆగితే ఆ సమయం ఇస్తారు. 5 నిమిషాలు దాటినా, లేన్ మార్చినా అదనంగా 5 నిమిషాలు, సైటర్లు కూడా ఇస్తారు. అడగడం మీ హక్కు. కొట్టిన షాట్ స్క్రీన్ మీద కనిపించకపోతే మాత్రం ఇంకో షాట్ కొట్టకండి. వెంటనే చెయ్యి ఎత్తండి. జ్యూరీ (మ్యాచ్ నిర్ణేతలు) వచ్చి చెప్పేదాకా పిస్టల్ ముట్టుకోవద్దు. ఊరికే ఇంకోటి కొట్టి చూస్తే ఏ షాట్ ఏదో తేల్చడం వాళ్లకు కష్టం, నష్టం మీకే.

పొద్దున్నే తినేది కూడా చెబుతాను: మ్యాచ్‌కి రెండు గంటల ముందు ఇడ్లీ చాలు, పూరీ వద్దు. రోజూ కాఫీ తాగే అలవాటుంటే ఆ ఒక్క కప్పు తాగండి, ఆ రోజు కొత్తగా మొదలుపెట్టకండి, కొత్తగా మానకండి.