నాలుగో ఏట డేటా అంతా పోయింది, పీహెచ్‌డీ కొనసాగించాలా?

కల్చర్‌రూమ్_బాధితురాలు:
హైదరాబాద్‌లో బయాలజీ పీహెచ్‌డీ చేస్తున్నా, నాలుగో సంవత్సరం. పోయిన నెల ల్యాబ్‌లో పెంచుతున్న మా సెల్స్‌లో మైకోప్లాస్మా (మరీ చిన్న రకం బ్యాక్టీరియా) ఉందని తేలింది. అది ఉన్నా మీడియా (సెల్స్ పెరిగే ద్రవం) మబ్బుగా మారదు, మామూలు మైక్రోస్కోప్‌లో కనపడదు, సెల్స్ చూడ్డానికి బానే ఉంటాయి, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. 14 నెలల పని చెత్తబుట్టలోకి. ఫెలోషిప్ చూస్తే ఐదేళ్లే. ఎవరికి చెప్పుకున్నా "ఫెయిల్యూర్లే సైంటిస్టుని తయారుచేస్తాయమ్మా" అంటున్నారు, మా గైడ్ గారితో సహా. నిజంగానే అంతేనా, ఊరడించడానికి అంటారా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

గోదారిగట్టు:
మా భీమవరంలో పుట్టిన బయోకెమిస్టు యెల్లాప్రగడ సుబ్బారావు గారి కథ మీకు ఈపాటికి పదిమంది చెప్పే ఉంటారు. మెట్రిక్ రెండుసార్లు తప్పడం, మద్రాసులో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చి ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ అనే అంతకన్నా చిన్న వైద్య పట్టాతో సరిపెట్టుకోవాల్సి రావడం, బోస్టన్‌లో రాత్రిపూట ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడగడం, అన్నీ నిజమే. నాకు మాత్రం నచ్చేది ఆయన బెంచీ మీద జరిగిన ఒక చిన్న సంగతి. హార్వర్డ్‌లో ఫిస్కే అనే సైంటిస్టుతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కట్టారు కదా (1925, మనమూ ప్రాక్టికల్స్‌లో చేసిందే), ఎంత ఫాస్ఫేట్ ఉంటే అంత చిక్కటి నీలం రావాలి. కండరం నుంచి తీసిన ద్రావణంలో మాత్రం ఆ నీలం టైముకి రాలేదు, నిదానంగా పెరుగుతూ పోయింది. నేనైతే రీఏజెంట్ పాడైందని సింకులో పారబోసేవాణ్ణి. వాళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1929లో ఏటీపీ, రెండూ కండరానికి శక్తినిచ్చే పదార్థాలే. ఇంత చేసినా హార్వర్డ్ పర్మనెంటు చెయ్యలేదు, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. బోదకాలు రాకుండా మన ఇళ్లకొచ్చి మింగించే డీఈసీ మాత్ర ఆ ల్యాబ్‌లో ఆయన టీమ్ తెచ్చిందే.

పాతకాపు:
పైనాయన చెప్పింది బావుంది కానీ అది నెగ్గినవాడి కథ. సుబ్బారావు గారికి వెనక మామగారి డబ్బు సాయం ఉంది, ఆ ముక్క ఎవరూ గట్టిగా చెప్పరు. 2019లో అమెరికాలో ఒక స్టడీ వచ్చింది, ఎన్‌ఐహెచ్ (అక్కడ వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ) గ్రాంటు వెంట్రుకవాసిలో తప్పిపోయినవాళ్లనీ, అంతే తేడాతో దక్కించుకున్నవాళ్లనీ పోల్చారు. తప్పిపోయి కూడా నిలబడ్డవాళ్లు తర్వాత ఇంకా మంచి పేపర్లే వేశారట. జనం షేర్ చేసేది ఇంతవరకే. తప్పిపోయినవాళ్లలో పదిమందిలో ఒకరికి పైగా ఆ గ్రాంట్ల వ్యవస్థలోంచే కనుమరుగయ్యారని కూడా అందులోనే ఉంది. నేనూ పోస్ట్‌డాక్ మధ్యలో మానేసి ఫార్మాలో క్వాలిటీకి వచ్చినవాణ్ణే. బాధేం లేదు, కానీ నన్ను ఫెయిల్యూర్ తయారుచేసింది అంటే మాత్రం నవ్వొస్తుంది.

ల్యాబ్‌ఎలక:
ఫిలాసఫీ తర్వాత చూసుకుందాం. మీది యాక్సిడెంట్ అండీ. నీలం రంగు ఆలస్యమైతే అందులో కొత్త సంగతి దాగుంది, మైకోప్లాస్మాలో ఏముంది, నెలకోసారి పీసీఆర్ (దాని డీఎన్‌ఏ ఉందేమో చూసే టెస్ట్) పెట్టుకోవాలన్నది తప్ప. మొదటి ఏడాది ఫ్రీజ్ చేసిన సెల్స్ వయల్స్ (చిన్న సీసాలు) లిక్విడ్ నైట్రోజన్‌లో ఉన్నాయేమో చూడండి. ఉంటే ఒకటే తియ్యండి, వేరే ఇంక్యుబేటర్‌లో పెట్టండి, రెండు వారాలు యాంటీబయాటిక్ లేకుండా పెంచి టెస్ట్ చెయ్యండి. పెన్‌స్ట్రెప్ (పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపిన యాంటీబయాటిక్) వేస్తున్నాం కదా అని ధీమా వద్దు, పెనిసిలిన్ దెబ్బకొట్టేది సెల్ వాల్‌ని, మైకోప్లాస్మాకి ఆ సెల్ వాలే లేదు, ఇక అదేం చేస్తుంది? మీ ప్లాస్మిడ్లు (సెల్స్‌లోకి ఎక్కించే డీఎన్‌ఏ ముక్కలు) ఎక్కడికీ పోలేదు, ప్రోటోకాల్ చేతికొచ్చేసింది, రెండోసారి 14 నెలలు పట్టదు.

కల్చర్‌రూమ్_బాధితురాలు:
అప్‌డేట్. పాత వయల్స్ నాలుగు దొరికాయి, లేబుల్ సగం చెరిగిపోయింది కానీ తేదీ నా చేతిరాతే. ఒకటి కరిగించి పెంచాను, నిన్న పీసీఆర్ చేసి జెల్ మీద చూశా. మైకోప్లాస్మా ఉందని తెలిసే పెట్టిన పాజిటివ్ కంట్రోల్‌లో దాని గీత (బ్యాండ్) వచ్చింది, మా సెల్స్ పెట్టిన లేన్ ఖాళీ, అంటే మైకోప్లాస్మా లేదు. నమ్మకం లేక ఇవాళ మళ్లీ వేశా, ఖాళీనే. సుబ్బారావు గారంత ఓపిక నాకుందో లేదో గానీ మిగతా మూడు వయల్స్ ముట్టుకోవద్దని ఫ్రీజర్ మీద పేపర్ అంటించా. రాత్రి అమ్మకి కూడా చెప్పేశా. అంతా విని, "ఆ మైకో ఏదో, అది నీకేం అంటుకోలేదు కదే?" అంది.